ముందు చక్రం దగ్గర టకటక

"ముందు ఎడమ చక్రం దగ్గర టకటకమంటోంది." పాత స్పోర్ట్స్ కారు యజమానుల నోట తరచూ వినిపించే మాట ఇది. ఇందులో నమ్మదగింది టకటక ఒక్కటే. ముందు అన్నది ఊహ, ఎడమ అన్నది అంతకన్నా పెద్ద ఊహ. ఇక చక్రం మీద చెప్పింది ఒట్టి అభాండం కూడా కావచ్చు.

ఎంజీబీనే తీసుకుందాం. ఆక్స్‌ఫర్డ్‌కు దగ్గర్లో ఉన్న అబింగ్డన్‌లో 1962 నుంచి 1980 దాకా తయారైన రెండు సీట్ల కారు. ఐదు లక్షలకు పైగా అమ్ముడుపోయింది, వాటిలో ఎక్కువ భాగం అమెరికాకే వెళ్ళింది. ఇప్పటికీ వేల సంఖ్యలో రోడ్ల మీద తిరుగుతోంది. దాని ముందు సస్పెన్షన్ మూలం 1947 నాటి వై టైప్ అనే ఎంజీ కారుది. ఆ తర్వాత మినీతో లోకప్రసిద్ధుడైన అలెక్ ఇసిగోనిస్, జాక్ డేనియల్స్ కలిసి గీసిన ఏర్పాటు అది. కింద రెండు చేతుల లోయర్ ఆర్మ్, దాని మీద కాయిల్ స్ప్రింగ్, నిలువుగా ఒక కింగ్‌పిన్. పైన విడిగా ఆర్మ్ లేదు. ఆర్మ్‌స్ట్రాంగ్ వాళ్ళ షాకబ్జర్‌కు ఉన్న చెయ్యే పై ఆర్మ్ పని కూడా చేస్తుంది. ఇవన్నీ కలిసి క్రాస్‌మెంబర్ అనే ఒక ఉక్కు దూలానికి బిగించి ఉంటాయి. ఆ దూలం నాలుగు పొడుగాటి బోల్టులతో, మధ్యలో రబ్బరు దిండ్లతో బాడీకి తగులుకుని ఉంటుంది.

వీటిలో చప్పుడు చేయలేని భాగం ఒక్కటీ లేదు.

చప్పుడు చోటు దొరక్కపోవడానికి కారణం మన చెవుల్లోనూ ఉంది, కారులోనూ ఉంది. ఒక శబ్దం ఏ దిక్కునుంచి వస్తోందో మనిషి చాలావరకు రెండు చెవులకు అది చేరే వ్యవధిలోని తేడాను బట్టి పోల్చుకుంటాడు. ఆ తేడా ఎంత ఎక్కువైనా మిల్లీసెకనులో మూడింట రెండు వంతులకు మించదు. గాలిలో ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది కనుక చెవులు ఆ లెక్క వేసుకోగలవు. ఉక్కులో అదే ధ్వని సెకనుకు సుమారు 5,000 మీటర్లు పోతుంది. ఎంజీబీకి ముందటి ఎంజీఏకు విడి చాసీ ఉండేది. ఎంజీబీలో ఆ చాసీ తీసేసి, మొత్తం రేకునంతా ఒకే పెట్టెగా వెల్డు చేశారు. కాబట్టి కింద ఎక్కడో కొట్టుకున్న దెబ్బ కాళ్ళ దగ్గరి రేకు, డ్యాష్‌బోర్డు, తలుపు అన్నింటినీ దాదాపు ఒకేసారి మోగిస్తుంది. డ్రైవరు చెవికి చేరేది ఆ రేకుల మోత. అసలు దెబ్బ తగిలింది ఇంకోచోట.

దీనికి తోడు డ్రైవరు కూర్చున్న చోటు ఒకటి. ఇంగ్లండులో అతను కుడివైపు కూర్చుంటాడు, అమెరికాలో ఎడమవైపు. దగ్గరి చక్రం చప్పుడు ఎటూ గట్టిగా వినిపిస్తుంది, దూరపు చక్రానిది సన్నగా చేరుతుంది. అందుకే అనుభవం ఉన్నవాళ్ళు స్టీరింగు ఇంకొకరికి ఇచ్చి, తాము పక్క సీట్లో కూర్చుని అదే రోడ్డు మీద మళ్ళీ తిప్పిస్తారు. కుడిపక్కదని ఒట్టేసి చెప్పిన చప్పుడు ఎడమపక్కకు మారడం అప్పుడప్పుడూ జరిగేదే. డిక్కీలో కట్టేయకుండా వదిలేసిన జాకీ, స్టెప్నీ చేసే మోతకు కూడా ఎన్నో ముందు సస్పెన్షన్లు బలయ్యాయి. డిక్కీ ఖాళీ చేసి చూడటం డబ్బు ఖర్చులేని మొదటి పరీక్ష. దీన్ని నామోషీగా భావించేవాళ్ళే ఎక్కువ.

చోటు గురించి చెవి చెప్పే సాక్ష్యం ఇంత బలహీనమైనప్పుడు అడగాల్సింది సమయం గురించి. విజయవాడ ఆటోనగర్‌లో పాత అంబాసిడర్లు చూసిన మేస్త్రీలకు ఈ సంగతి బాగా తెలుసు. "ఎప్పుడొస్తంది సార్ సౌండు? గుంటలో దిగినప్పుడా, ఎక్కినప్పుడా? బ్రేకేస్తేనా, ఉట్టినేనా?" అని అడిగాకే బానెట్టు వైపు నడుస్తారు. అంబాసిడర్‌కూ ఎంజీబీకీ చుట్టరికం ఉంది. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ ఇంటి బిడ్డలే. అంబాసిడర్‌లో చాలా ఏళ్ళు నడిచిన 1,489 సీసీ ఇంజనూ, ఎంజీబీలోని 1,798 సీసీ ఇంజనూ ఒకే బీ సిరీస్ కుటుంబానివి. ముందు స్ప్రింగు విషయంలో మాత్రం దారులు వేరు. అంబాసిడర్‌ది మెలిపడే కడ్డీ, ఎంజీబీది కాయిల్. అయినా మేస్త్రీ అడిగే ప్రశ్నలు రెంటికీ సరిపోతాయి.

ఆ ప్రశ్నల్లో అన్నిటికంటే ఎక్కువ చెప్పేది గుంట సైజు. పెద్ద స్పీడ్ బ్రేకర్ మీద నిశ్శబ్దంగా దాటిపోయిన కారు, గులకరాళ్ళు తేలిన చిన్న రోడ్డు మీద కటకటలాడుతుంది. యజమానికి ఇది వింతగా తోస్తుంది, పెద్ద దెబ్బకు రాని చప్పుడు చిన్న దెబ్బకు ఎందుకు రావాలని. కారణం బరువులో ఉంది. కారు నిలబడి ఉన్నంతసేపూ స్ప్రింగు కింది ఆర్మును నేలవైపు తోస్తూనే ఉంటుంది. అరిగి వదులైన పిన్ను ఆ తోపుడుకు తన రంధ్రంలో ఒకే పక్కకు ఒరిగి ఉంటుంది. పెద్ద దిబ్బ ఎక్కినప్పుడు ఆ తోపుడు ఇంకా పెరుగుతుంది, పిన్ను ఇంకా గట్టిగా అదే పక్కకు నొక్కుకుంటుంది, కనుక చప్పుడుండదు. చిన్న గతుకుల మీద కథ వేరు. కారు బాడీ సెకనుకు ఒకటో ఒకటిన్నరో సార్లు ఊగుతుంది, చక్రం మాత్రం పది పన్నెండు సార్లు ఎగిరిపడగలదు. ఎగిరిన ప్రతిసారీ కొన్ని జాయింట్ల మీద బరువు ఒక క్షణం తేలిపోయి దిశ మారుతుంది. పిన్ను ఈ గోడ నుంచి ఆ గోడకు వెళ్ళి కొట్టుకుంటుంది. అదే కటకట.

కాబట్టి చిన్న గతుకుల్లోనే వచ్చే మోతకు స్ప్రింగు బరువు ఎక్కువగా మోయని జాయింట్లను ముందు అనుమానించాలి. ఎంజీబీలో అవి షాకబ్జర్ చెయ్యి చివర, దాన్ని కింగ్‌పిన్‌తో కలిపే పై ట్రనియన్ రబ్బరు బుష్‌లు, స్టీరింగ్ ర్యాక్, టైరాడ్ ఎండ్లు, యాంటీ రోల్ బార్ లింకులు. స్టీరింగ్ చక్రంలో చేతికి కూడా దెబ్బ తెలిస్తే ర్యాక్ వైపు చూడాలి. పాదాలకే తెలిసి చేతికి తెలియకపోతే మిగతా జాయింట్ల వైపు.

యాంటీ రోల్ బార్‌ను విడదీసి పట్టుకోవడానికి సులువైన ఉపాయం ఉంది. రెండు ముందు చక్రాలూ ఒకేసారి ఎక్కే స్పీడ్ బ్రేకర్ మీద ఈ కడ్డీ మెలిపడదు, రెండు కొసలూ కలిసి లేస్తాయి. ఒక చక్రం మాత్రమే గుంటలో దిగితే కడ్డీ మెలితిరిగి లింకులను లాగుతుంది. అడ్డంగా ఉన్న దిబ్బ మీద నోరు మెదపని కారు ఒంటి గుంటలో టక్కుమంటే ముందుగా పిలవాల్సిన పేరు అదే. అప్పటికీ అనుమానం తీరకపోతే లింకులు ఊడదీసి, మెల్లగా ఒక చుట్టు తిప్పి రావచ్చు. చప్పుడు పోయిందంటే దొంగ దొరికినట్టు.

బ్రేకుకు పలికే చప్పుళ్ళది వేరే జాతి. గతుకు రోడ్డు మీద లోహపు గలగల వస్తుంటే పెడల్‌ను కాస్త తాకీ తాకనట్టు నొక్కి ఉంచాలి. గలగల ఠక్కున ఆగిపోతే కాలిపర్‌లో ప్యాడ్లు ఆడుతున్నాయన్నమాట. వాటిని పట్టి ఉంచే చిన్న స్ప్రింగు రేకులు పాతబడి ఉంటాయి, లేదా పోయినసారి ప్యాడ్లు మార్చినవాళ్ళు వాటిని బెంచీ మీదే మరిచిపోయి ఉంటారు. రెండో రకం ఇంకా తమాషాగా ఉంటుంది. ముందుకు పోతూ బ్రేకేస్తే ఒక్కసారి 'డబ్' అంటుంది. ఆ తర్వాత ఎన్నిసార్లు వేసినా మాట్లాడదు. రివర్సులో వచ్చి బ్రేకేస్తే మళ్ళీ ఒక్కసారి. ఏదో ఒక భాగం ఒక పక్కకు జరిగి అక్కడే ఆగిపోయిందని, వెనక్కి తోసేదాకా కదలదని దీనికి అర్థం. సన్నగా క్లిక్కుమంటే ప్యాడే కావచ్చు, దానితో పెద్ద ప్రమాదం లేదు. మొద్దుగా, పాదం కింద తెలిసేలా ఉంటే లోయర్ ఆర్మ్ లోపలి బుష్‌లు నుసి అయిపోయి, ఆర్ము మొత్తం వెనక్కీ ముందుకీ జరుగుతోందేమో చూడాలి.

తీగ చక్రాలున్న కారులో అన్నిటికన్నా ముందు చూడాల్సింది చక్రం మధ్యలోని పెద్ద నట్టు. కదలగానే ఒక క్లిక్కు, వెనక్కి కదిలితే ఇంకో క్లిక్కు వినిపిస్తే నట్టు వదులైందో, చక్రం హబ్బులో కూర్చునే పళ్ళు అరిగాయో. ఇది తేలేదాకా కారు తీయకూడదు.

ఇప్పుడు జాకీ ఎత్తే దగ్గరికి వద్దాం. చక్రాన్ని నేల నుంచి లేపి, స్టాండు పెట్టి, ఒక చెయ్యి టైరు పైన, ఒక చెయ్యి కింద ఉంచి, ఒకటి తోస్తూ ఇంకొకటి లాగాలి. చేతికి సన్నని 'టక్' తగులుతుంది. మేస్త్రీల భాషలో ఆట ఉంది. కానీ ఎందులో? చక్రం బేరింగులోనా, కింగ్‌పిన్‌లోనా? బేరింగులో కొంచెం ఆట ఉండటం నేరమేమీ కాదు. ఎంజీబీ బేరింగుకు అంగుళంలో వెయ్యింట రెండు నుంచి నాలుగు వంతుల వదులు ఉండాలని వర్క్‌షాప్ మాన్యువలే చెబుతుంది. సన్నని రేకు ముక్కలు పేర్చి మరీ ఆ వదులు కుదురుస్తారు. అందుకని ఇక్కడ ఒక మనిషి సాయం కావాలి. అతను సీట్లో కూర్చుని బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకుంటాడు. కాలిపర్ బిగించి ఉండేది కింగ్‌పిన్ చుట్టూ తిరిగే స్వివెల్‌కు. డిస్కు బిగించి ఉండేది హబ్బుకు. బ్రేకు పట్టగానే ఆ రెండూ ఒకే ముద్ద అవుతాయి, మధ్యనున్న బేరింగు ఆట నుంచి తప్పుకుంటుంది. ఇప్పుడు మళ్ళీ ఊపి చూస్తే 'టక్' పోయిందా, అది బేరింగు. ఇంకా ఉందా, అది కింగ్‌పిన్, లేదా పైన ట్రనియన్, లేదా షాకబ్జర్ చేతి మొదట్లోని బేరింగ్. ఏ జాయింటు కదులుతోందో అప్పుడు టార్చి వేసి కంటితో చూడవచ్చు, అతుకు మీద వేలు పెట్టి కదలికను పట్టవచ్చు. ఒక పెడల్, ఇద్దరు మనుషులు. ఈ రంగంలో ఇంతకన్నా అందమైన పరీక్ష ఇంకొకటి ఉందంటే నమ్మడం కష్టం.

ఇదే ఊపులో షాకబ్జర్‌ను క్రాస్‌మెంబర్ మీద పట్టి ఉంచే నాలుగు బోల్టులనూ చూసుకోవాలి. అవి వదులైతే పై ఆర్ము మొత్తం కదులుతుంది. కింగ్‌పిన్ పోయినప్పటి చప్పుడూ ఆ చప్పుడూ ఒకేలా ఉంటాయి. ఖర్చులో మాత్రం పోలికే లేదు. ఒకదానికి ఒక పానా చాలు, రెండోదానికి సస్పెన్షన్ మొత్తం దించాలి.

కీచుమనే చప్పుళ్ళకు మందు నీళ్ళు. ఒక్కో బుష్ మీద కాసిని సబ్బునీళ్ళు చిమ్మి, కారు మూలను కిందికి నొక్కి వదిలితే, ఏ బుష్ తడిసినప్పుడు కీచు ఆగిందో అదే దోషి. నూనె పోస్తే ఇంకా తొందరగా ఆగుతుంది గానీ, మామూలు ఇంజనాయిలుకు సహజ రబ్బరు ఉబ్బిపోయి పాడవుతుంది. అప్పుడు పరీక్షే రోగమవుతుంది. పాత రబ్బరు బదులు పాలీయురెథేన్ బుష్‌లు వేయించినవాళ్ళు, వాటికి తగిన సిలికోన్ గ్రీజు పెట్టకపోతే, కొత్త కీచును డబ్బిచ్చి కొన్నట్టే. 1973లో వచ్చిన వీ8 ఎంజీబీ బుష్‌లు మామూలు ఎంజీబీకి కూడా సరిపోతాయని చాలామంది వాటినే వేయిస్తారు. మంచి పనే. అయితే వాటి నట్లను చివరిసారి బిగించేటప్పుడు కారు తన బరువుతో నేల మీద నిలబడి ఉండాలి. చక్రాలు గాలిలో వేలాడుతుండగా బిగిస్తే, కారు దించగానే రబ్బరు మెలిపడి, జీవితమంతా ఆ మెలికతోనే గడిపి, తొందరగా చిరిగిపోతుంది.

ఎంజీబీ యజమానికి ఉన్న పెద్ద సౌకర్యమే అతనికి పెద్ద ఆటంకం కూడా. ఈ కారుకు దొరకని భాగమంటూ దాదాపు లేదు. 1988 నుంచి పాత అచ్చులతోనే కొత్త బాడీలు కూడా చేసి అమ్మారు. చప్పుడు రాగానే బుష్‌ల సెట్టు ఒకటి తెప్పించడం, అది వేశాక కూడా పోకపోతే లింకులు, ఆ తర్వాత షాకబ్జర్లు, చివరికి కింగ్‌పిన్లు. వరసగా మారుస్తూ పోతే ఎక్కడో ఒకచోట చప్పుడు ఆగుతుంది. అయితే ఏది మార్చినందుకు ఆగిందో తెలియదు. మధ్యలో వదులుగా ఉన్న బోల్టు ఒకటి బిగిసిపోయినందుకే ఆగిందేమో కూడా తెలియదు. ఆగిన చప్పుడు ఆరు నెలలకు తిరిగొస్తే ఆ యజమాని మళ్ళీ మొదటి మెట్టు మీదే ఉంటాడు, ఖర్చు మాత్రం పై అంతస్తుకు చేరి ఉంటుంది.

ఈ చిక్కుకు దారి వైద్యంలో ఒకటి కనిపిస్తుంది. 1816లో పారిస్‌లోని నెకర్ ఆసుపత్రిలో రెనే లాయెనెక్ అనే వైద్యుడు కాగితాన్ని గొట్టంలా చుట్టి రోగి రొమ్ము మీద పెట్టి విన్నాడు. స్టెతస్కోప్ పుట్టిన కథగా ఇది అందరికీ తెలుసు. అంతగా చెప్పుకోనిది తర్వాతి భాగం. తాను విన్న శబ్దాలను అతను రాసిపెట్టుకున్నాడు. రోగి చనిపోతే శరీరాన్ని కోసి, ఊపిరితిత్తుల్లో ఏముందో చూసి, విన్నదానితో సరిపోల్చుకున్నాడు. 1819లో వచ్చిన అతని గ్రంథానికి బలం ఆ సరిపోల్చడమే. గొట్టం ఒక్కటే అయితే అది కాగితం చుట్టే.

కారు షెడ్డులో ఈ రెండో పనికి వీలు చాలా ఎక్కువ, చేసేవాళ్ళు చాలా తక్కువ. తీసేసిన పాత బుష్‌ను చెత్తబుట్టలో పడేసేముందు వెలుతురులో తిప్పి చూస్తే చాలా చెబుతుంది. పై ట్రనియన్ బుష్ అంచు ఒకవైపే పల్చబడి, లోపలి రంధ్రం కోడిగుడ్డు ఆకారంలోకి మారి ఉంటుంది. రబ్బరు పూర్తిగా అరిగిన చోట స్టీలు పిన్ను మీద మెరిసే మచ్చ ఒకటి కనిపిస్తుంది, గోరుకు తగిలేంత గాడితో. మొదట్లో మొద్దుగా ఉన్న చప్పుడు ఇటీవల ఎందుకు పదునెక్కిందో ఆ మచ్చ చెబుతుంది. రబ్బరు మిగిలి ఉన్నన్నాళ్ళు 'డబ్', లోహం లోహానికి తగిలిన రోజు నుంచి 'టక్'. అలా ఒక్కసారి చూసినవాళ్ళకు తర్వాతి కారులో ఆ చప్పుడు వినగానే లోపలి ఆకారం కళ్ళకు కడుతుంది. తీసిన బుష్ పాడవకుండా ఉంటే అది కూడా సమాచారమే, కాస్త చేదు సమాచారం.

చప్పుడు గురించి ఇంత చెప్పుకున్నాక చప్పుడు చేయని వాటి మాటా చెప్పాలి. ఎంజీబీ ముందు సస్పెన్షన్‌లో ఒక్కో పక్క మూడేసి గ్రీజు నిపుల్స్ ఉంటాయి, 3,000 మైళ్ళకోసారి గ్రీజు కొట్టాలని పాత కార్లతో ఇచ్చిన పుస్తకం చెప్పేది. చక్రాలు లేపి బరువు తీసేసి కొడితే అరుగుదల ఎక్కువున్న పక్కకు కూడా గ్రీజు పాకుతుంది. అయితే బాగా అరిగిపోయిన కింగ్‌పిన్‌లోకి గ్రీజు ఎక్కిస్తే చప్పుడు పోతుంది, ఆట పోదు. కారు అమ్మేముందు కొందరు చేసే పని ఇదే.

ట్రయంఫ్ కార్లది ఇంకా కఠినమైన ఉదాహరణ. 1959 నాటి హెరాల్డ్, 1962 నాటి స్పిట్‌ఫైర్ ముందు చక్రాలకు కింద కంచు ట్రనియన్ ఉంటుంది. చక్రంతో తిరిగే ఉక్కు కడ్డీ మర లాగా దానిలోకి దిగుతుంది. అందులో పోయాల్సింది గేర్ ఆయిల్. చాలామంది గ్రీజు కొట్టారు, ఇంకొందరు అసలేమీ పోయలేదు. లోపలికి నీరు చేరి ఉక్కు మర తుప్పుపట్టింది. దానికి కటకటలూ కీచులూ ఉండవు. కారు పార్కింగులో స్టీరింగు చివరిదాకా తిప్పుతుండగా కడ్డీ మర దగ్గర పుటుక్కున విరిగి, చక్రం పక్కకు వాలిపోతుంది. నెమ్మదిగా పోతున్నప్పుడు కడ్డీ విరిగినవాళ్ళు అదృష్టవంతులు. ఇవే ట్రయంఫ్ భాగాలను లోటస్ వాళ్ళు తమ ఎలాన్‌లోనూ వాడారు.

బ్రిటన్‌లో 40 ఏళ్ళు దాటిన, పెద్ద మార్పులు చేయని కార్లకు 2018 మే 20 నుంచి ఏటేటా జరిగే ఎంఓటీ పరీక్ష తప్పనిసరి కాదు. పాత కార్లను యజమానులు బాగానే చూసుకుంటారన్నది ఆ మినహాయింపు వెనకున్న వాదనల్లో ఒకటి. చాలామంది చూసుకుంటారు, నిజమే. కానీ ఆ పరీక్షలో ఏడాదికొకసారైనా ఒక పరాయి మనిషి గడ్డపలుగు లాంటి కడ్డీ పెట్టి ప్రతి జాయింటునూ ఎత్తి చూసేవాడు, కారు మీద ఏ మమకారమూ లేకుండా. ఆ చెయ్యి ఇప్పుడు తప్పుకుంది. చప్పుడు వస్తేనే వెతికే యజమాని, చప్పుడు రాని కడ్డీ దగ్గరికి ఎప్పుడు వెళ్తాడు? తెలిసినవాళ్ళు మినహాయింపు ఉన్నా డబ్బు కట్టి మరీ ఆ పరీక్ష చేయిస్తున్నారు. ఆ రుసుము ఒక సెట్టు బుష్‌లకన్నా గొప్ప ఖర్చేమీ కాదు.

ఇక మిగిలింది, పని పూర్తయిన సాయంత్రం కారు తీసి ఒక చుట్టు తిరిగి రావడం. పెద్ద శబ్దం చిన్న శబ్దాన్ని చెవికి అందకుండా కప్పేస్తుంది, అది పోగానే కింద దాక్కున్నవి ఒక్కొక్కటే బయటపడతాయి. టకటక పోయిన ఎంజీబీలో ఇంటికి చేరేలోపు హుడ్ ఫ్రేము కిర్రుమనడం, డ్యాష్‌బోర్డు వెనక ఏదో కేబుల్ తగలడం, కుడివైపు బేరింగులో సన్నని గుర్రు వినిపిస్తాయి. హుడ్డూ కేబులూ వారం ఆగుతాయి. ఎడమకు తిరిగినప్పుడు ఆ గుర్రు పెరుగుతోందా అన్నది మాత్రం తర్వాతి మలుపులోనే చూసుకోవచ్చు, ఎందుకంటే ఎడమకు తిరిగితే బరువంతా కుడి చక్రం మీదే పడుతుంది.